వెంగమ్మ మేర

ఉదయగిరి
14–2–1954

రామనారాయణా, మనూరికి ఆసుపత్రి వచ్చేసింది.

ముందు ఆశీర్వచనం రాసి తర్వాత సంగతి రాయాలని తెలుసు గాని చెయ్యి ఆగలేదు. నూరేళ్లు చల్లగా బతుకు నాయనా. ఇది పైన రాసినట్టే అనుకో.

వచ్చేసింది అంటే గోడలు లేచినాయని కాదు, మాట వచ్చేసింది. మొన్న బేస్తవారం బడి వసారాలో మీటింగు పెట్టినారు. నెల్లూరు నించి ఆఫీసరు వచ్చినాడు, మంచి మనిషి, నేనిచ్చిన సోడా తాగినాడు. ఆయన చెప్పిందేందంటే, ఊరి జనం కట్టడం కట్టుకోని, మందుల ఖర్చుకు ఒక దారి చూపిస్తే, డాక్టరును పంపమని పైకి రాస్తానని. ఉన్నోడికీ లేనోడికీ ఒకటే మందు, ఎవురూ చేతిలో పైసా పెట్టబళ్లేదంట. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి అబ్బాయీ.

ఇంక డబ్బు యాడనించి తేవాల అనే కాడ మొదలయింది తగువు. బట్టలంగడి పిచ్చయ్య లేచి, సేల్సు టాక్సు మీద ఇంకొక్క దమ్మిడీ వేస్తే అంగడికి తాళం వేసి దుర్గం ఎక్కి కూచుంటానన్నాడు. ఇంకొకాయన సారాయి అంగళ్లు మళ్లీ తెరిపిస్తే ఒక ఏట్లో పది ఆసుపత్రులు కట్టొచ్చన్నాడు. ఆ పదింట్లో పడుకునేది కూడా తాగినోళ్లే గదా అని వెనక నించి ఎవురో అంటే ఆఫీసరు కూడా నవ్వినాడు. శిస్తు మీద రూపాయికి అణా పెంచమంటే రైతులు లేచి పోబోయినారు. చెరువుపల్లె రోశయ్య దూరంగా నిలబడి, మాకు కళ్లం లేదు సామీ, చేపలిస్తే డాక్టరు తీసుకుంటాడా అని అడిగినాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

అప్పుడు లేచినాను నేను. చదివింది నాలుగో తరగతే గాని ముప్ఫై ఏళ్లు ఈ చుట్టుపక్కల కళ్లాలన్నింట్లో కుంచం పట్టుకోని కొలిచిన చెయ్యి ఇది. అయ్యా, మంగలికీ చాకలికీ మంత్రసానికీ ఏడాది పనికి కూలిగా కళ్లంలో గింజల మేర కొలిచిస్తా ఉండాము గదా, రేపు డాక్టరు వస్తే కాన్పులు ఆయనే చూస్తాడు, ఇంక మంత్రసానితో పనేముండాది, ఆ మేర అట్నే ఎత్తి ఆసుపత్రిలో పోద్దాము, రైతు చేతినించి ఒక్క గింజ కొత్తగా పోదు అన్నాను. చూడాల నువ్వు. తిట్టుకుంటా ఉన్నోళ్లంతా ఒక్కటైపోయి చప్పట్లు కొట్టినారు. ఆఫీసరు నా పేరు అడిగి రాసుకున్నాడు. కమిటీకి నన్నే పెద్దను చేసినారు.

రెండో సంగతి, నీకు ఈ పాటికి తెలిసే ఉంటాది, కోడలికి రెండో నెల. సుబ్బరత్నానికి తల్లి లేదు గనక పోయినసారి మాదిరే కాన్పు మన ఇంట్లోనే. ఈసారి ఆసుపత్రిలో. భాద్రపదానికి పుడతాడు నా మనవడు, డాక్టరు చేతుల్లో.

పాప నీకోసం వాకిలి చూస్తా ఉండాది. మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ పంపతా ఉండాది, బస్సు డ్రైవరును అడిగి తీసుకో.

నీ నాయన
పెంచలనరసింహం


ఆత్మకూరు
22–2–1954

నాయన గారికి నమస్కారములు.

మీ జాబు మా తాలూకా ఆఫీసులో పక్క సీటు హుసేనయ్యకు కూడా చదివి వినిపించినాను. మీరు మీటింగులో లేచి నిలబడింది తలుచుకుంటే నాకు గర్వంగా ఉంది. ఊరగాయ అందింది.

అయితే మీరు కోప్పడనంటే రెండు మాటలు. ఆఫీసరు డాక్టరును పంపుతానన్నాడా, పంపమని పైకి రాస్తానన్నాడా? మీ జాబులోనే రెండో మాట ఉంది. ఈ ఆఫీసులో కూర్చున్నాక ఆ రెంటికీ ఎంత దూరమో నాకు తెలిసింది.

ఇక డబ్బు సంగతి. ఆసుపత్రి అందరిదీ కావాలంటే దాని ఖర్చు కూడా రాష్ట్రమంతా కలిసి మొయ్యాలి నాయనా. అంగట్లో అమ్మేదాని మీద కొంచెం, పెద్ద కమతం వాడి శిస్తు మీద కొంచెం, అంతా ఒక ఖజానాలో పడి, అక్కడి నుంచి ప్రతి ఊరి డాక్టరుకు నెల నెలా జీతం రావాలి. ఎందుకంటారా, మనది వాన నమ్ముకున్న నేల. వాన పడని ఏడు కళ్లంలో గింజ ఉండదు. గింజ లేని ఏడే మనుషులు ఎక్కువ జబ్బు పడతారు. అంటే డాక్టరు ఎప్పుడు ఎక్కువ కావాలో అప్పుడే మీ ఆసుపత్రికి కూడు ఉండదు. డెల్టాలో పండిన ఏడు అక్కడి రైతు రూపాయి మన ఉదయగిరికి రావాలి, మనకు పండిన ఏడు మనది ఇంకొకరికి పోవాలి. పిచ్చయ్య మామ దుర్గం ఎక్కితే ఎక్కనీండి, ఆకలైతే దిగుతాడు.

ఇంకొకటి. మంత్రసాని వెంగమ్మ మేర ఎత్తి ఆసుపత్రిలో పోస్తే అది కొత్త డబ్బు కాదు. ఉన్న మనిషిని అమ్మి ఇంకా రాని మనిషిని కొనడం. మూడేళ్ల కింద పాప పుట్టినప్పుడు రెండు పగళ్లు రెండు రాత్రులు వెంగమ్మ ఒక్కటే సుబ్బరత్నం పక్కన కూర్చుంది. బిడ్డ అడ్డం తిరిగిందని మనందరం ఆశ వదులుకున్నాము. అది మీరు మర్చిపోయి ఉండరు.

డాక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్న రోజున వెంగమ్మ మేర మాట ఆలోచించండి. అంతవరకు ఆమెది ఆమెకు ఇప్పించండి.

మీ కుమారుడు
రామనారాయణ


ఉదయగిరి
30–3–1954

చిరంజీవి రామనారాయణకు మీ నాయన, అమ్మ మనసారా దీవించి రాయించేది కాదు, నేనే రాసేది.

పదకొండు పుట్లు వచ్చినాయి నాయనా, పదకొండు. జొన్నలు, సజ్జలు, చెరువు కింది వడ్లు, అన్నీ కలిపి. నా గిడ్డంగిలో ఒక మూల అంతా ఆసుపత్రి మూటలే. పునాది తీసినారు. చెరువుపల్లె వాళ్లు గింజ ఇయ్యలేము గనక రాళ్లు మోస్తామన్నారు, రోశయ్య ముందుండి మోయిస్తా ఉండాడు.

నీ జాబు రెండుసార్లు చదివినాను. నువ్వు చెప్పేది పుస్తకంలో బాగుంటాది. కర్నూల్లో ఖజానా, ఖజానాకు వెయ్యి చేతులు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఇంకా ఏడాది కాలేదు, వాళ్లకే కూచునే దానికి కుర్చీలు చాలలేదంట, ఉదయగిరి మాట ఎవురికి గుర్తుంటాది? మన గింజ మన కళ్ల ముందర ఉంటే, డాక్టరు పొద్దెక్కి వస్తే ఎందుకు ఆలస్యమయిందయ్యా అని అడిగే హక్కు మనకుంటాది. డెల్టా వాడి రూపాయి తిన్న డాక్టరు మన మాట వింటాడా?

వెంగమ్మ సంగతి. ఆమె కళ్లానికి వచ్చింది, ఎప్పటి మాదిరే చాట పట్టుకోని. నేను కొలుస్తా ఉంటే చివర్లో నిలబడింది. ఈ ఏటి నించి నీ మేర ఆసుపత్రికి పోతాది వెంగమ్మా, పెద్దోళ్లందరి తీర్మానం అని చెప్పినాను. ఆ మనిషి గొడవ పెట్టుకోలేదు. చాట తిరగేసి దులిపింది, అందులో ఏమీ లేకపోయినా. తర్వాత ఒక్క మాట అడిగింది.

"అయితే శెట్టీ, డాక్టరు వచ్చేదాకా ఎవురూ కనొద్దని కూడా తీర్మానం చేసినారా?"

కళ్లంలో అందరూ నవ్వినారు. ఆమె నవ్వలేదు. నోటి దురుసు ఆమెకు ముందు నించీ ఉండేదే, మనసులో పెట్టుకోవాకు. నేను నా సొంతానివి రెండు మానికలు తీసి ఇయ్యబోతే, బిచ్చానికి రాలేదని పోయింది.

నీ మాట నాకు నచ్చలేదని కాదు. తీర్మానం అయిపోయినాక కమిటీ పెద్దనే మాట తప్పితే రేపు ఎవురు గింజ పోస్తారు చెప్పు.

సుబ్బరత్నం చింతకాయ తప్ప ఇంకేం తినడం లేదు. కళగా ఉండాది.

నీ మేలు కోరే నాయన


ఆత్మకూరు
10–4–1954

నాయన గారికి,

మీ జాబు చదివి వెంగమ్మ చాట నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

వాదం పెంచడానికి కాదు, ఒక మనవి కోసం రాస్తున్నాను. మా వీధిలో శీనమ్మ గారని కాన్పుల నర్సమ్మ ఉంది. వెంగమ్మ పేరు చెప్తే ఆమెకు తెలుసు. పదేళ్ల కింద క్యాంపు పెట్టినప్పుడు వెంగమ్మకు చాకు, దారం నీళ్లలో మరిగించడం నేర్పింది ఈమేనట. నీళ్లు తెర్లకుండా చెయ్యి పెట్టదు ఆ మనిషి అని మెచ్చుకుంది. సుబ్బరత్నం మొదటి కాన్పు ఎట్లా జరిగిందో చెప్తే, రెండోది పని తెలిసినవాళ్లు ఎవరూ లేకుండా ఊళ్లో చేయొద్దంది.

అందుకని ఏడో నెలలో సుబ్బరత్నాన్ని, పాపను ఇక్కడికి పంపించండి. నాకు ఒక గది ఉంది, పక్క గది కూడా అద్దెకు దొరుకుతుంది. అమ్మ కూడా వస్తే సంతోషం.

నమస్కారములతో
రామనారాయణ


ఉదయగిరి
2–6–1954

చిరంజీవి రామనారాయణకు,

నీ జాబుకు ఇంత ఆలస్యంగా ఎందుకు రాస్తా ఉండానో నీకు తెలుసు. పక్క గది అద్దెకు దొరకతాదని రాసినావు. మీ అమ్మ ఆ మాట విని అన్నం కాడినించి లేచిపోయింది. వేరు కాపురం పెట్టాలంటే పెట్టు నాయనా, ఉద్యోగస్తుడివి, మేము అడ్డం రాము. దానికి కాన్పు సాకు ఎందుకు? అత్త చెయ్యలేని సాయం చేస్తాదా ఆ నర్సమ్మ?

సరే, బాధ మాట అక్కడికి చాలు. సంతోషం రాస్తాను. ఆసుపత్రి గోడలు లేచినాయి, పెంకు కప్పినారు, సున్నం కొట్టినారు. బస్సు మలుపు కాడ నించే తెల్లగా కనపడతాది. మూడు గదులు, ముందర వసారా. మూడు పుట్ల గింజ అమ్మి నెల్లూరు నించి సామాన్ల పెట్టె తెప్పించినాను. కత్తెరలు, పట్టకార్లు, పింగాణీ పళ్లేలు, అన్నీ కాగితంలో చుట్టి, అద్దం మాదిరి మెరస్తా ఉండాయి. పెట్టె తాళంచెవి, ఆసుపత్రి తాళంచెవి రెండూ నా మొలతాడుకే ఉండాయి. నెల్లూరు ఆఫీసు నించి కాగితం కూడా వచ్చింది, మీ విన్నపము పరిశీలనలో ఉన్నది అని, కింద ముద్ర, సంతకం. బడిపంతులు చేత పెద్దగా చదివించినాను. ఊరంతా విన్నారు. వినాయక చవితికి డాక్టరు దిగతాడని అనుకుంటా ఉండాము.

అందుకని మన ఆసుపత్రిలో మొదటి కాన్పు మన ఇంటిదే కావాల. నా మాట నమ్మి మూడూళ్ల రైతులు గింజ పోసినారు. పెంచలనరసింహం తన కోడల్ని మాత్రం బస్సెక్కించి ఆత్మకూరు పంపినాడంటే ఈ గోడల్ని ఎవురు నమ్ముతారు?

ఇంకొకటి కూడా ఉండాది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నీకన్న ముందర పుట్టింది మీ అక్క, రామలక్ష్మి. ఆరేళ్లది. గొంతు వాచి ఊపిరాడకపోతే బండి కట్టుకోని ఆత్మకూరు డాక్టరు కాడికి బయలుదేరినాను. ముప్ఫై మైళ్ల దోవ. సగం దోవలో, నాయనా ఇంకా ఎంత దూరం అని అడిగింది. వచ్చేసినామమ్మా అన్నాను. ఆ మాట అబద్ధం. అక్కడి నించే బండి వెనక్కి తిప్పినాను. ఆ దోవన ఇంకొక మనిషిని నా ఇంటి నించి నేను పంపలేను అబ్బాయీ. ఆ దోవే మనూరికి రావాలని గదా నేను ఇంత తిరిగేది.

వెంగమ్మ ఊరు వదిలి మర్రిపాడు పోయింది, చెల్లెలి ఇంటికి, కూలి పనికి. మేర లేనప్పుడు ఇక్కడేం చేస్తానన్నదంట. ఆమె కొడుకు రోశయ్య మాత్రం ఇక్కడే చెరువుపల్లెలో ఉండాడు.

నాయన


ఆత్మకూరు
14–6–1954

నాయన గారికి, అమ్మకు,

వేరు కాపురం మాట నా మనసులో లేదు. నా ప్రాణం మీద ఒట్టు. గది మాట ఎత్తింది సుబ్బరత్నం కోసం. మీరు అట్లా అనుకున్నాక ఇంక ఆ మాట ఎత్తను. మీ ఇష్టప్రకారమే కానివ్వండి.

అక్క సంగతి చదివి ఆ రోజంతా ఆఫీసులో పని చేయలేకపోయాను. మీ పట్టుదల నాకు ఇప్పుడు అర్థమయింది. అయినా కొడుకుగా చెప్పక తప్పదు. పరిశీలనలో ఉన్నది అంటే ఒప్పుకున్నారని కాదు, ఇంకా ఎవరూ తేల్చలేదని. ఇక్కడ తెలిసినవాళ్ల ద్వారా విచారించినాను. ఈ ఏటి కాగితాల్లో ఉదయగిరి డాక్టరుకు జీతం కేటాయింపు లేదు. మీ గింజతో గోడ లేస్తుంది, కత్తెర వస్తుంది. మనిషి మాత్రం నెల నెలా జీతం పడితేనే వస్తాడు. అది రాష్ట్రం పెట్టాల్సిన ఖర్చు.

శీనమ్మ గారు చెప్పినవి రెండు రాస్తున్నాను. ఈ కాగితం గోడకు అంటించండి. ఒకటి, ఎవరు కాన్పు చూసినా సరే, కత్తెర గాని చాకు గాని తెర్లే నీళ్లలో పావుగంట ఉంచకుండా వాడొద్దు. కొత్తదైనా సరే. రెండు, కాన్పు అయిన మూడో రోజో నాలుగో రోజో చలితో వణికి జ్వరం వస్తే అది పాల జ్వరమని ఊరుకోవద్దు. ఒక్క పూట కూడా ఆగొద్దు. ఏది దొరికితే దానిలో వేసుకుని ఇక్కడికి తీసుకురావాలి. ఆలస్యం చేసిన వాళ్లలో తాను చూసినంతలో ఎవరూ మిగల్లేదంది.

సెప్టెంబరు పన్నెండు నుంచి లీవు అడిగినాను. నెల చివర కాన్పు అని లెక్క కదా, ముందే వచ్చి ఉంటాను.

రామనారాయణ


ఉదయగిరి
24–8–1954

చిరంజీవి రామనారాయణకు ఆశీస్సులు. మీ అమ్మ మనసు కుదుటపడింది. నీ జాబును గోడకు అంటించమన్నావు గాని, అందులో డాక్టరు రాడనే మాట ఉండాది గదా, పది మంది వచ్చి పోయే ఇల్లు, ఎవురైనా చదివితే బాగుండదని పెట్టెలో దాచినాను. అంతా నాకు గుర్తుండాది.

వాన లేదు. జొన్న మోకాలెత్తున ఎండిపోయింది. మన్నూ మిన్నూ ఒకటే రంగులో ఉండాయి. మార్చిలో గింజ పోసినోళ్లలో కొందురు వచ్చి, పెంచలనరసింహం శెట్టీ, తినేదానికి లేదు, మా గింజ మాకియ్యి అన్నారు. ఇయ్యనంటే ఎట్ల? మూడు పుట్లు పెట్టెకు, నాలుగు పెంకుకు, సున్నానికి పోయినాయి. మిగిలిన నాలుగూ తిరిగి కొలిచినాను. నువ్వు ఫిబ్రవరిలో రాసిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఒప్పుకుంటా ఉండాను చూడు. ఒక్క ఏడు ఇట్లయింది, వచ్చే ఏడు ఇరవై పుట్లు తెస్తా.

చెరువు అడుగంటి ఆ నీళ్లే తాగి చెరువుపల్లెలో జ్వరాలు పట్టుకున్నాయి. అక్కడ ఒక బాలింత పోయిందన్నారు. ఆసుపత్రి వసారాలో కొందురు వచ్చి పడుకుంటా ఉండారు, తాళం వేసి ఉన్నా. ఆ గోడ నీడలో ఉంటే తగ్గతాదని వాళ్ల నమ్మకం. చూస్తే జాలేసింది. డాక్టరు ఈ పది రోజుల్లో దిగాల, చవితి వస్తా ఉండాది గదా.

నీ మీద ఒక చిన్న కోపం. మర్రిపాడు వెంగమ్మకు చెప్పమని రోశయ్య పేరిట కార్డు రాసినావే. చెరువుపల్లెలో ఎవురికి చదువొచ్చు? వాడు ఎప్పటి మాదిరే దాన్ని నా అంగడికే తెచ్చి, చదివి పెట్టు శెట్టీ అన్నాడు. చదివినాను. రోశయ్యా, మీ అమ్మ నా భార్య ప్రాణం కాపాడిన మనిషి, ఆమె మేర నేను నా జీతంలోనించి ఇస్తాను, సెప్టెంబరు మొదట్లోనే వచ్చి ఉండమను అని. నీ నాయన చేసిన తీర్మానాన్ని నీ నాయన చేతనే తప్పని చదివించినావు. వాడు ఎదురుగా నిలబడి ఉండాడు, అంగట్లో నలుగురు ఉండారు. ఏం రాసినాడు శెట్టీ అన్నాడు. అంతా కులాసా అని రాసినాడురా అన్నాను. అబద్ధం కాదు, చివర్లో ఆ మాట ఉండాది. వాడు కార్డు తిరిగి తీసుకోని, ఆయనకు నా దండాలు చెప్పమని పోయినాడు.

నువ్వు వచ్చేలోపల డాక్టరు వస్తాడు, అప్పుడు నువ్వే నవ్వుకుంటావు.

నాయన


ఉదయగిరి
9–9–1954

మగపిల్లాడు రామనారాయణా, మగపిల్లాడు. మన ఆసుపత్రిలో పుట్టినాడు.

ఆదివారం పగలు రెండు గంటలకు. లెక్క ప్రకారం ఇంకా మూడు వారాలు ఉండాది, వాడికి తొందరెక్కువ, తాతను చూడాలని. పొద్దున నొప్పులు మొదలు పెట్టగానే నేను ఒక్కటే అనుకున్నాను, డాక్టరు రాకపోయినా ఆసుపత్రి ఉండాది గదా. మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకోని పోయినాము. వసారాలో పడుకున్నోళ్లు లేచి దోవ ఇచ్చినారు. నా చేత్తో తాళం తీసినాను అబ్బాయీ. లోపల కొత్త సున్నం వాసన. ఆ గదిలో సుబ్బరత్నాన్ని దించినప్పుడు, మీ అక్క నన్ను అడిగిన మాటకు ఇన్నేళ్లకు జవాబు చెప్పినట్టనిపించింది.

మీ చెంచమ్మత్త చూసింది కాన్పు. ఆమె అయిదుగుర్ని కన్న మనిషి, భయం లేదు. బిడ్డ సులువుగానే వచ్చినాడు. మాయ మాత్రం రాలేదు, చాలాసేపు ఇబ్బంది పెట్టింది. మీ అత్త చెయ్యి పెట్టి ముక్కలు ముక్కలుగా తీసింది. వెంగమ్మను పిలిపించండి అని సుబ్బరత్నం రెండు మూడుసార్లు అన్నాది గాని, మర్రిపాడు యాడ, మనం యాడ. పెట్టె తెరిచి కత్తెర ఇచ్చినాను. నీళ్లు మరిగించే మాట నాకు గుర్తుండాది నాయనా, నేను మర్చిపోలేదు. కాని ఆసుపత్రిలో పొయ్యి కట్టించడం మరిచినాము. నిప్పు కోసం ఇంటికి మనిషిని పంపే లోపల ఇక్కడ తొందర. అది ఎవురూ తాకని కత్తెర, కాగితం కూడా చింపనిది, కళ్లకు అద్దుకోని తీసినాను. వెంగమ్మ చాకంటే వాడిందే వాడేది గనక మరిగించాల. ఇది మన గింజతో కొన్న కొత్తది.

పిల్లాడు ఎర్రగా, ఒత్తు జుట్టుతో ఉండాడు. నీ ముక్కే. ఊరు ఊరంతా వచ్చి చూసి పోయినారు. పిచ్చయ్య కొత్త బట్ట తెచ్చి కప్పినాడు, సేల్సు టాక్సు లేకుండా ఇస్తా ఉండాను తీసుకో అన్నాడు. గింజ వెనక్కి అడిగినోళ్లు కూడా వచ్చి చూసి, వచ్చే ఏడు పోస్తామన్నారు. మొదటి కాన్పు కాగితం బడిపంతులు చేత రాయించి నెల్లూరుకు పంపినాను, ఇంకేం పరిశీలిస్తారో పరిశీలించండి అని.

సుబ్బరత్నం బాగుండాది. నిన్న సాయంకాలం నించి ఒళ్లు వెచ్చగా ఉండాది, చలి అని బాగా వణికితే రెండు దుప్పట్లు కప్పినాము. ఇది పాలు పడే జ్వరమే, నాకూ వచ్చింది అని మీ అమ్మ అన్నాది. నీ నర్సమ్మ రాసింది చూద్దామని పెట్టె వెతికినాను గాని ఇంట్లో ఇంత జనం, ఇంత సంబరం, కాగితం చేతికి దొరకలేదు. కడుపు తాకితే నొప్పంటా ఉండాది, అది ఉంటాది గదా. పొద్దున బస్సు వాకిట్లోనే ఆగితే డ్రైవరుకు కూడా చక్కెర పెట్టినాను, ఆత్మకూరులో నీకు చెప్పమని. ఇప్పుడు నిద్రపోతా ఉండాది. పాప పోయి అమ్మా అమ్మా అని పిలిచినా లేవలేదు, అంత హాయిగా నిద్ర పట్టింది. పడుకోనీ, అలిసిపోయింది బిడ్డ.

నువ్వు పన్నెండుకే లీవు పెట్టి పరిగెత్తి రావద్దు. ఆ లీవు దాచుకోని పదకొండో రోజు పురుడుకు రా, నాలుగు రోజులు ఉండొచ్చు. ఈ లోపల అందరికీ సంతోషం చెప్పాల. ఎవురి చేతా మాట పడకుండా వరసగా రాస్తా ఉండాను, కొందురికి నువ్వు, కొందురికి నేను.

వరికుంటపాడులో సుబ్బరత్నం నాయనకు అందరికన్నా ముందు. తల్లి లేని పిల్లని నా చేతిలో పెట్టినాడు, మనవడు పుట్టినాడని నేనే రాస్తాను.

కొండాపురంలో మీ చిన్నాయన వెంకటరమణయ్యకు నువ్వు కార్డు వెయ్యి. కబురు రాలేదని అలిగే మనిషి.

నెల్లూరులో మీ మేనమామకు, ఆయన వియ్యంకుడికి వేరేగా.

మీ ఆఫీసు హుసేనయ్యకు, నోరు తీపి చేసి.

మీ వీధి నర్సమ్మ శీనమ్మ గారికి, ఆమె మాట గుర్తు పెట్టుకున్నామని, అంతా సులువుగా అయిందని చెప్పు.

ఇంక మర్రిపాడు వెంగమ్మకు. ఇది నా మాట కాదు, సుబ్బరత్నం మాట. పొద్దున నిద్ర పట్టేదాకా జ్వరంలో ఆ పేరే అంటా ఉండింది, వెంగమ్మకు చెప్పినారా, వెంగమ్మకు చెప్పినారా అని. చెప్పినాము తల్లీ, వస్తా ఉండాది అన్నాను. ఆదివారం మర్రిపాడు పక్క లారీ పోతాదంట, రోశయ్య చేత చెప్పి పంపిస్తాలే.